ఫిట్టరు సీటు దిగిన రోజు

మిల్లులో ఆయన్ని చెవుల ఫిట్టరు అనేవాళ్ళు. అలాగని చెవులేమీ చేటలంత ఉండేవి కావు. మామూలు చెవులే, పైగా ఎడమదాని మీద చిన్నప్పుడెప్పుడో కుట్లు పడ్డ గుర్తు కూడా ఉంది. రెండొందల మగ్గాలు ఒకే షెడ్డులో ఆడుతుంటే పక్కనున్న మనిషి గొంతు చించుకున్నా సగమే వినబడేది. ఆ హోరులోంచి ఫలానా మగ్గానికి ఒంట్లో బాగోలేదని ఆయన పట్టేసేవాడు. పొడుగాటి స్క్రూడ్రైవరు మొన మగ్గం మీద ఆనించి, పిడి చెవి పక్క ఎముకకి ఆనించి, కళ్ళు మూసుకుని ఓ నిమిషం నిలబడేవాడు. తర్వాత కళ్ళు తెరిచి, దీని బేరింగు ఇంకో రెండ్రోజులు వస్తుంది అనేవాడు. మొదట్లో ఓ మేనేజరు నవ్వాడు. రెండోరోజు మధ్యాహ్నం ఆ మగ్గం ఆగిపోయాక మళ్ళీ ఎవరూ నవ్వలేదు.

ఇంట్లో మాత్రం ఆ చెవులకి అంత గౌరవం ఉండేది కాదు. ఎక్కడో షెడ్డు అవతల నట్టు వదులైతే వినబడే మనిషికి వంటింట్లో కుళాయి ఆర్నెల్లుగా కారుతుంటే ఎందుకు వినబడదో చెప్పమని భార్య వచ్చిన చుట్టాలందర్నీ అడిగేది. ఆయన ముసిముసిగా నవ్వేవాడే తప్ప జవాబిచ్చేవాడు కాదు. మంచివాడే. కాకపోతే మాటలు పొదుపు.

ఆయన పనికి ఒక పద్ధతి ఉంది, ఆ పద్ధతికి ఒక కారణం ఉంది. పంతొమ్మిదేళ్ళ వయసులో మిల్లులో చేరినప్పుడు ఆయనకి పని నేర్పింది పెద్ద ఫిట్టరు. ఆ పెద్దాయన ఓ రోజు మగ్గంలో వింత చప్పుడు విని కూడా, ఈ బట్ట చుట్ట పూర్తయ్యాక చూద్దాంలే అనుకున్నాడు. చుట్ట పూర్తి కాలేదు గానీ ఆయన కుడిచేతి వేళ్ళు రెండు పోయాయి. ఆసుపత్రి మంచం మీదనుంచి ఆయన శిష్యుడికి చెప్పిన పాఠం ఒక్కటే. తేడా వినబడితే ముందు ఆపు. వెంటనే దగ్గరికెళ్ళు. చెయ్యి పెట్టి చూడు. ఆలోచించడం, లెక్కలు కట్టడం, పైవాళ్ళకి చెప్పడం అన్నీ ఆ తర్వాతే. మన ఫిట్టరు ఆ మాట ముప్ఫయ్యయిదేళ్ళు పాటించాడు. ఆయన చూసుకున్న వరసలో ఆ ముప్ఫయ్యయిదేళ్ళలో ఎవరి గోరు కూడా ఊడలేదు. ఇది ఏ కాగితంలోనూ రాసి లేదు. జరగని ప్రమాదాల గురించి కాగితాలు రాసేవాళ్ళు ఉండరు.

తర్వాత మిల్లు మూతపడింది. గేటుకి నోటీసు అంటించారు, తాళం వేశారు, మగ్గాల్ని తూకానికి అమ్మేశారు. వాటిని లారీల్లోకి ఎక్కిస్తుంటే చూడ్డానికి చాలామంది వెళ్ళారు. ఈయనా వెళ్ళాడు గానీ, సిమెంటు నేల మీద ఇనుము ఈడుస్తున్న చప్పుడు వినలేక పది నిమిషాల్లో వచ్చేశాడు. ఆపైన ఆర్నెల్లు ఇంట్లో కూర్చున్నాడు. వంటింటి కుళాయి ఆ ఆర్నెల్లలోనే బాగుపడింది. తలుపుల కీళ్ళు, కిటికీ గొళ్ళేలు, ఇరుగుపొరుగు ఫ్యాన్లు, అన్నీ బాగుపడ్డాయి. ఇంక బాగుచేయడానికి ఏమీ మిగలక మనిషి పాడవడం మొదలుపెట్టాడు. పొద్దున్నే మిల్లు వేళకే లేచి, గెడ్డం గీసుకుని, కుర్చీలో కూర్చునేవాడు.

ఇల్లు భార్య జీతం మీద నడిచేది. ఆమె ఆసుపత్రుల దుప్పట్లు ఉతికే పెద్ద లాండ్రీలో ఇస్త్రీ విభాగంలో పద్నాలుగేళ్ళుగా చేస్తోంది. పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం అయిదు దాకా ఆవిరి ఇస్త్రీ యంత్రం ముందు నిలబడే పని. నిలబడి నిలబడి ఆమె పిక్కల మీద నరాలు ముడులు పడి నీలంగా తేలాయి. సాయంత్రానికి పాదాలు వాచి చెప్పుల్లో పట్టేవి కావు. ఇలాగే నిలబడితే నరం చిట్లి పుండు పడుతుంది, పుండు పడితే మానదు, పని మార్చుకోమని డాక్టరు కోప్పడ్డాడు. కూర్చునే పని ఏదైనా ఇవ్వమని ఆమె లాండ్రీలో అడిగింది. అలాంటివి రెండే ఉన్నాయని, ఆ రెంటిలోనూ మనుషులున్నారని చెప్పారు.

అప్పుడే ప్రభుత్వం వాళ్ళు పని పోయినవాళ్ళకి కొత్త పని నేర్పే పథకం ఒకటి పెట్టారు. ఉపాధి కార్యాలయంలో ఓ అమ్మాయి కంప్యూటరు ముందు కూర్చుని ఒక్కొక్కరినీ మీకేం వచ్చని అడిగి ఎక్కించుకుంటోంది. ఫిట్టరు వంతు వచ్చింది. చాలాసేపు ఆలోచించి, "యంత్రం చప్పుడు విని దాని జబ్బు చెప్పగలనమ్మా" అన్నాడు. ఆ అమ్మాయి మర్యాదగానే విని, కంప్యూటరులో పైకీ కిందికీ వెతికి, చివరికి 'ఇతరములు' అన్నదాని మీద నొక్కింది. ముప్ఫయ్యయిదేళ్ళు ఒక్క నొక్కుతో ఇతరములైపోయాయి. దానికి ఆ అమ్మాయిని అని లాభం లేదు, ఆ పట్టిక ఆమె తయారుచేసింది కాదు.

నాలుగు కోర్సులున్నాయి. కంప్యూటరులో వివరాలు ఎక్కించడం, భవనాల కాపలా, హోటలు గదులు సర్దడం, గోదాముల్లో సరుకులెత్తే ఫోర్క్‌లిఫ్టు నడపడం. ఫిట్టరు ఆఖరిది ఎంచుకున్నాడు. అదొక్కటే యంత్రం కాబట్టి. పైగా ఊరి చివర కొత్తగా కట్టిన గోదాము వాళ్ళు, ధ్రువపత్రం ఉన్నవాళ్ళందర్నీ తీసుకుంటామని మాటిచ్చారు. షరతులు రెండు. ఒక మనిషికి ఒకే కోర్సు, అదీ ఒకేసారి. కోర్సులో చేరేనాటికి యాభై అయిదు నిండకూడదు. ఆయనకి నిండడానికి ఇంకా అయిదు నెలలుంది. ఇదే మొదటి అవకాశం, ఇదే ఆఖరిది కూడా.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి భార్యతో, ఆ కాగితం చేతికొచ్చిన రోజునుంచి నువ్వు లాండ్రీకి వెళ్ళక్కర్లేదు అన్నాడు. ఆయన అంత పొడుగు మాట్లాడ్డం అరుదు. ఆమె నవ్వి, చూద్దాంలెండి ఫిట్టరుగారూ అంది. వెక్కిరించాలనిపించినప్పుడే ఆమె నోట గారూ అనే మాట వచ్చేది. కానీ నమ్మింది. యంత్రం దగ్గర ఈయన ఓడిపోవడం ఆమె ఎప్పుడూ చూడలేదు.

శిక్షణ కేంద్రం బస్సు డిపో వెనక ఓ పాత సరుకుల హాలు. పన్నెండుమంది విద్యార్థులు, అందరూ మిల్లువాళ్ళే, అందరిదీ నెరిసిన జుట్టే. ఫోర్క్‌లిఫ్టులు రెండు. ఒకటి నడిచేది, ఇంకోటి బ్యాటరీ చచ్చి పట్టా కింద పడుకున్నది. నేర్పే మాస్టారు నలభై దాటని మనిషి, ఓడరేవులో నడిపినవాడు, ఏడాది ఒప్పందం మీద వచ్చాడు. వచ్చే ఏడాది తన సంగతేమిటో ఆయనకే తెలియదు. ఆ బెంగ ఉన్నా బాగానే నేర్పాడు.

మొదటి వారం ఫిట్టరుకి తల ప్రాణం తోకకొచ్చింది. బ్యాటరీ బండి, చప్పుడే ఉండదు. ఈయనకి అది ఉలుకూ పలుకూ లేని మనిషితో కాపురంలా తోచింది. ఆ ముక్క పైకి అన్నందుకు, మీ ఆవిడ ఇన్నేళ్ళుగా అదే కదా చేస్తోందని మిత్రుడు రేడియో అన్నాడు. హాలంతా నవ్వింది. రేడియో అంటే మిల్లులో నేతపని చేసినవాడు. నోరు మూతపడదు కాబట్టి ఆ పేరు. ఫిట్టర్ని బావా అని పిలిచేవాడు, చుట్టరికం ఏమీ లేకపోయినా. రేడియోకి బండి వెనక్కి నడపడం ఎంతకీ వచ్చేది కాదు, స్టీరింగు ఒకవైపు తిప్పితే బండి ఇంకోవైపు పోయేది. ఫిట్టరు రోజూ మధ్యాహ్నం భోజనాలయ్యాక సుద్దముక్కతో నేల మీద గీతలు గీసి, అతని చేత ఆ గీతల వెంట నడిపించేవాడు. నాలుగో వారానికి ఫిట్టరు చెవి ఆ నిశ్శబ్దంలో కూడా చప్పుళ్ళు ఏరుకోవడం మొదలెట్టింది. మోటారు కూత, చక్రాల రాపిడి, ఫోర్కుల్ని పైకి లాగే చైను. ఆ చైను పొడిగా పలుకుతోందని మాస్టారుకి చెప్పాడు. మాస్టారు పైకి ఉత్తరం రాశాడు. ఉత్తరం అందినట్టు ఉత్తరం వచ్చింది.

రాతపరీక్షలో ఫిట్టరుకి ఇరవైకి పంతొమ్మిది వచ్చాయి. అందులో ఏడో ప్రశ్న, బరువు పైకెత్తి ఉన్నప్పుడు నడిపేవాడు సీటు దిగవచ్చునా? దిగరాదు, ముందు బరువును నేలకు దించవలెను అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాడు.

నడిపే పరీక్ష శుక్రవారం పెట్టారు. పరీక్ష చేయడానికి పై ఊరినుంచి ఓ యువతి వచ్చింది, చేతిలో ట్యాబు, భుజాన సంచి. పన్నెండుమందినీ ఆ ఒక్కరోజే పరీక్షించి సాయంత్రం అయిదుకి బస్సెక్కాలి. మళ్ళీ ఈ కేంద్రానికి ఎప్పుడొస్తుందో, అసలు వస్తుందో రాదో ఆమెకీ తెలియదు. మాస్టారు బండి లాగ్‌బుక్కులో, యంత్రము మంచి స్థితిలో ఉన్నది అని రోజూ రాసే వాక్యం రాసి సంతకం పెట్టాడు. ముందు ఎవరు అన్న ప్రశ్న వచ్చేసరికి అందరూ ఫిట్టరు వైపు చూశారు. మనలో మొనగాడు నువ్వే, నువ్వు వెళ్ళొస్తే మాకు ధైర్యం అని రేడియో వీపు మీద చెయ్యేసి ముందుకి నెట్టాడు.

ఎనిమిది అంచెల పరీక్ష. అయిదు అంచెలు వెన్నలా సాగిపోయాయి. ఆరోది, సరుకులు పెట్టే ఇనప అరల్లో రెండోదాని ఎత్తుదాకా బరువును ఎత్తి నిలపడం. ఎత్తుతున్నాడు. సగం పైకి వెళ్ళాక ఆయనకి చిటికెడు చప్పుడు వినబడింది. టిక్కుమని, అంతే. హాల్లో ఉన్న పద్నాలుగుమందిలో ఇంకెవరికీ వినబడలేదు.

ఆయన ఆపాడు. దిగాడు. బండి ముందు ఫోర్కుల్ని మోసే స్తంభం దగ్గరికెళ్ళి చైను మీద చెయ్యి పెట్టాడు.

ఇదంతా రెప్పపాటులో జరిగింది. ఆయన అనుకుని చేసింది కాదు. చెయ్యి చేసింది, కాలు చేసింది, ముప్ఫయ్యయిదేళ్ళ అలవాటు చేసింది. మాస్టారు కళ్ళు మూసుకున్నాడు. రేడియో నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు.

"ఎందుకు దిగారండీ?" అని ఆ యువతి అడిగింది.

"చైనులో లింకు విరిగిందమ్మా."

"బరువు పైనే ఉందండీ."

అప్పుడు తలెత్తి చూశాడు. అరటన్ను సరుకు ఆయన నెత్తికి రెండడుగుల పైన ఉంది. ఏడో ప్రశ్న అప్పుడు గుర్తొచ్చింది ఆయనకి.

ఆమె ట్యాబు మీద నొక్కింది. నొక్కే ముందు కాసేపు ఆగింది, అది అందరూ చూశారు. కాని ఆ పరీక్షలో కొన్ని తప్పులకి మార్కులు తగ్గుతాయి, కొన్నిటికి పరీక్షే ముగిసిపోతుంది. ఇది రెండో రకం. కారణం ఎంచుకోమని ట్యాబు అయిదు వాక్యాలు చూపించింది. యంత్రంలో లోపం అన్న మాట ఆ అయిదింటిలో లేదు. భద్రతా నియమ ఉల్లంఘన అన్నదాన్ని ఎంచుకుంది. ఎవరినీ ప్రమాదంలో పడనివ్వని మనిషికి ఆ ముద్ర పడింది.

తర్వాత బరువు కింద చెక్కపలకలు ఒకదాని మీద ఒకటి పేర్చి దానికి ఆధారం కల్పించి, చైను వదులు చేశారు. పేర్చింది ఫిట్టరే. టార్చి వేసి చూస్తే లింకు పలక ఒకటి నిలువునా చీలిపోయి ఉంది, పక్కదాని మీద కూడా వెంట్రుకవాసి గీత. ఇంకో నాలుగుసార్లు ఎత్తి ఉంటే సరుకు ఎవరో ఒకరి మీదకి వచ్చేది. ఆ యువతి సొంత ఫోనులో దానికి ఫొటో తీసుకుంది. ట్యాబులో ఫొటో పెట్టే చోటు లేదట.

మిగిలిన పదకొండుమందికి అప్పుడు గుండెల్లో రాయి పడింది. యంత్రం ఆగితే పరీక్ష ఆగిపోతుంది, పరీక్ష ఆగితే కోర్సే ముగిసిపోతుంది, మళ్ళీ ఎవరూ రారు. ఎవరూ నోరు విప్పి అడగలేదు. మాస్టారే ఫిట్టరు పక్కన గొంతుక్కూర్చుని, "అన్నా, ఆ చచ్చిన బండి చైను దీనికి సరిపోతుందా?" అన్నాడు నేల చూస్తూ. ఫిట్టరు లేచి పట్టా తీసి చూశాడు. సరిపోతుందన్నాడు. చొక్కా విప్పి గోడ మేకుకి తగిలించాడు.

రెండున్నర గంటలు పట్టింది. ఆ రెండున్నర గంటలూ ఫిట్టరు మిల్లు మూతపడ్డాక మొదటిసారి మనిషిలా కనబడ్డాడని రేడియో తర్వాత చాలామందికి చెప్పాడు. ఈ కథ చెబుతున్న నాకు మాత్రం ఆ మాట వింటే ఒళ్ళు మండుతుంది. ఆయన పీక కోసిన కత్తికి ఆయన చేతే పదును పెట్టించుకున్నట్టు పని చేయించుకున్నారు. కాని అక్కడున్న పదకొండుమందిలో ఎవరిని తప్పుపట్టగలం? చైను బిగించి, నూనె పట్టించి, ఖాళీగా నాలుగుసార్లు, బరువుతో నాలుగుసార్లు ఎత్తించి, చెవి పెట్టి విని, ఇంక కానివ్వండి అన్నాడు.

తొమ్మిదిమంది నెగ్గారు. రేడియో కూడా నెగ్గాడు, వెనక్కి నడపడంలో దారికి అటూ ఇటూ నిలబెట్టిన ప్లాస్టిక్ కోనుల్లో ఒక్కటి కూడా పడలేదు. ఫిట్టరు చేతులకున్న నూనె సబ్బుతో కడుక్కుని, చొక్కా వేసుకుని, గుండీలన్నీ పెట్టుకుని, బెంచీ మీద కూర్చున్నాడు. ఆఖర్న తనని మళ్ళీ పిలుస్తారని ఆయన నమ్మకం. యంత్రం బాగోలేదని అందరూ కళ్ళారా చూశారు కదా. నాలుగూ నలభైకి ఆ యువతి ట్యాబు సంచిలో పెట్టబోతుంటే దగ్గరికెళ్ళి నిలబడ్డాడు. ఆమె ట్యాబే ఆయన వైపు తిప్పి చూపించింది. జాబితాలో పదకొండు వరసలు వెలుగుతున్నాయి. ఆయన వరస బూడిదరంగులో ఉంది. ఆయన ఎదుటే దాని మీద రెండుసార్లు నొక్కింది. ఏమీ తెరుచుకోలేదు. అర్జీ పెట్టుకోండి, నన్ను అడిగితే చూసింది చూసినట్టు చెప్తాను అంది. చెప్పే మనిషే, కళ్ళలో నీళ్ళున్నాయి.

ఆయన ఇంటికెళ్ళేసరికి భార్య అప్పటికే వచ్చేసి ఉంది. ఆ వేళకి ఎప్పుడూ రాదు. గోరువెచ్చని నీళ్ళ బకెట్లో పాదాలు పెట్టుకుని కుర్చీలో వెనక్కి వాలి, పెళ్ళికూతురంత హాయిగా ఉంది. ఆయన గుమ్మం దాటకముందే చెప్పేసింది. లాండ్రీలో ఇవాళ్టితో మానేస్తున్నానని చెప్పి, గుర్తింపుకార్డు కూడా ఇచ్చేసి వచ్చిందట. ఇన్నేళ్ళూ నోరెత్తని సూపర్‌వైజరు మీ ఆయనకి మంచి ఉద్యోగం వచ్చిందటగా అని టీ తాగించాడట. ఆ చోటు కోసం అప్పుడే ఇద్దరొచ్చి అడిగిపోయారట.

ఆయన చెప్పులు విప్పకుండా అక్కడే నిలబడ్డాడు. చెప్పడానికి చాలాసేపు పట్టింది. ఏది ముందు చెప్పాలో తెలియక చైను గురించి మొదలుపెట్టాడు, లింకు ఎలా చీలిందో చేత్తో చూపించాడు, చచ్చిన బండి గురించి చెప్పాడు. ఆమెకి సగంలోనే అర్థమైంది. బకెట్లోంచి కాళ్ళు తీయలేదు.

"నిన్నెవరు దిగమన్నారు?" అంది. కోపంగా కాదు. నిజంగానే తెలుసుకోవాలనుకున్నట్టు అడిగింది.

ఆయన చెప్పులు విప్పి గోడ వారగా పెట్టాడు.

సోమవారం అర్జీ రాసుకుని ఉపాధి కార్యాలయానికి వెళ్ళాడు. అధికారి చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే కథ తేలిగ్గా చెప్పేయొచ్చు. కూర్చోబెట్టి, అర్జీ రెండుసార్లు చదివి, తలుపు దగ్గరగా వేసొచ్చి చెప్పాడు. ఇది నేను పైకి పంపిస్తాను, పంపడం నా విధి. వాళ్ళు విచారణ చేస్తారు. యంత్రం చెడిపోయి ఉందని తేలితే, మంచి స్థితిలో ఉందని సంతకం పెట్టిన మాస్టారు ఉద్యోగం పోతుంది. చెడిపోయిన యంత్రం మీద జరిగింది కాబట్టి ఆ రోజు పరీక్ష మొత్తం రద్దవుతుంది. మధ్యలో బాగుచేశాం కదా అంటారా, బాగుచేసింది ఎవరు? అర్హత పత్రం ఉన్న మెకానిక్కా? పరీక్షలో తప్పిన అభ్యర్థి. అది ఇంకా పెద్ద నేరం.

"మళ్ళీ పరీక్ష పెడతారు కదండీ, అందరికీ?" అన్నాడు ఫిట్టరు.

"డబ్బు మంజూరైంది ఒక్క బ్యాచికే. అది అయిపోయింది. ఒకవేళ ఏడాదికి మళ్ళీ మంజూరైనా, అప్పటికి మీకు వయసు దాటిపోతుంది."

అంటే ఆయన గెలిస్తే నెగ్గిన తొమ్మిదిమందీ ఓడిపోతారు, ఆయన మాత్రం గెలవడు. అలాంటి గెలుపుకి కూడా ప్రభుత్వం ఒక అర్జీ నమూనా అచ్చువేసి పెట్టింది. ఆలోచించుకుని ఇస్తానని చెప్పి ఆయన ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని వచ్చేశాడు.

మర్నాడు సాయంత్రం రేడియో వచ్చాడు. అర్జీ సంగతి అతని దాకా వెళ్ళిందని మొహమే చెప్పింది. కుర్చీ అంచున కూర్చుని ఇచ్చిన టీ తాగాడు. పావుగంట ఒక్క మాట మాట్లాడలేదు. రేడియో పావుగంట మాట్లాడకపోవడం ఫిట్టరు జీవితంలో మొదటిసారి చూశాడు. వంటింట్లోంచి ఆయన భార్య కూడా, వీళ్ళున్నారా వెళ్ళారా అని ఓసారి తొంగిచూసింది.

"ఒకటో తారీఖునుంచి రమ్మన్నారు బావా, గోదాము వాళ్ళు" అన్నాడు చివరికి.

ఫిట్టరు తలూపాడు.

"నువ్వు అర్జీ ఇచ్చెయ్యి. నా సంగతి చూడకు. నీ దగ్గర నేర్చుకునే కదా నెగ్గాను." ఆ మాట అంటున్నంతసేపూ ఖాళీ గ్లాసులోకే చూస్తున్నాడు. అది కింద పెట్టి, వస్తానని చెప్పి, చెప్పులు సరిగ్గా తొడుక్కోకుండానే వెళ్ళిపోయాడు. ఇవ్వొద్దని కాళ్ళు పట్టుకున్నా ఫిట్టరుకి ఇంత కష్టమయ్యేది కాదు.

అతను వెళ్ళాక భార్య వచ్చి ఎదుటి కుర్చీలో కూర్చుంది. ఇద్దరి మధ్యా బల్ల మీద ఆ మడత కాగితం. ఆమె ఇంట్లో కూర్చుని నాలుగు రోజులే అయింది, ఆ నాలుగు రోజులకే పాదాల వాపు సగం తీసింది. చీలమండ ఎముక కనబడుతోంది. ఆయన ఆ ఎముకనే చూస్తూ, "నువ్వు ఇవ్వమంటే ఇస్తాను" అన్నాడు.

ఆమె పాదాలు చీర అంచు కిందకి లాక్కుంది.

"నా నోటితో అనిపించకు" అంది.

ఇవ్వమనా, వద్దనా, ఏ మాట అనిపించకు అందో ఆయన అడగలేదు. కాగితం తీసి అలమరలో బట్టల కింద పెట్టాడు. మర్నాడు తీయలేదు, ఆ మర్నాడూ తీయలేదు. అర్జీ పెట్టుకోవడానికి ఇచ్చిన పది రోజుల గడువు అలాగే దాటిపోయింది. ఆ పది రోజుల్లో ఆయన కాపలా ఉద్యోగానికి వెళ్తే కాపలాకి కూడా ఆ కోర్సు కాగితం ఉండాలన్నారు. ఆ కోర్సులో చేరతానంటే, ఒక మనిషికి ఒకే కోర్సు అన్నారు. నాలుగు వర్క్‌షాపుల్లో తిరిగితే నలుగురూ ఆయన చేతులు చూసి మెచ్చుకున్నారు, జుట్టు చూసి కబురు చేస్తామన్నారు. పదకొండో రోజు పొద్దున్నే లేచేసరికి భార్య తల దువ్వుకుని, ఇస్త్రీ చీర కట్టుకుని, భోజనం డబ్బా సర్దుకుంటోంది. ఎక్కడికని అడగాల్సిన పని లేకపోయింది.

వద్దని ఆయన అనలేకపోయాడు. వద్దని ఏ మొహంతో అంటాడు? లాండ్రీ దాకా ఆమె వెంట నడిచాడు. గేటు దగ్గర ఆమె ఆయన్ని ఆగమని, కొంగు సర్దుకుని లోపలికి వెళ్ళింది. పద్నాలుగేళ్ళు కార్డు చూపించి వెళ్ళిన గేటు దగ్గర, చూడవచ్చినవాళ్ళ పుస్తకంలో పేరు రాసి వెళ్ళింది. అరగంట తర్వాత బయటికొచ్చింది. తీసుకున్నారని చెప్పింది. పాత చోటు నిండిపోయిందట, అందుకని ఆవిరి ఎక్కువ తగిలే పెద్ద యంత్రం దగ్గర వేశారట. కొత్తగా చేరినట్టే లెక్కట, పద్నాలుగేళ్ళూ లెక్కలోకి రావట. కొత్తవాళ్ళకి మొదటి వారం పని నేర్పుతారట, ఇరవయ్యేళ్ళ అమ్మాయి ఒకతె నేర్పుతుందట. ఇది చెప్పి నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు.

"నువ్వు ఇంటికెళ్ళు. ఎండెక్కుతోంది" అని లోపలికి వెళ్ళిపోయింది.

ఆయన ఇంటి దారి పట్టాడు. మలుపు దాకా వెళ్ళి వెనక్కొచ్చాడు. లాండ్రీకి ఎదురుగా టీ బడ్డీ ఉంది, బడ్డీ ముందు బెంచీ ఉంది. బడ్డీ మనిషి కూర్చోమని రెండుసార్లు అన్నాడు. ఆయన వద్దని తలూపి గోడ పక్కన నిలబడ్డాడు. పది దాటింది, పన్నెండు దాటింది, నీడ ఈ గోడనుంచి ఆ గోడకి మారింది. పిక్కలు లాగాయి, నడుం పట్టేసింది, పాదాలు చెప్పుల్లో బిగుసుకున్నాయి. ఆమె కోసం తను చేయగలిగింది ఆయనకి ఇంకేమీ కనబడలేదు. అయిదింటికి గేటు తెరిచారు. ఆడవాళ్ళు గుంపుగా బయటికొచ్చారు. ఆ గుంపులో చిట్టచివర, గోడ పట్టుకుని మెల్లగా నడుస్తూ ఆమె వచ్చింది. ఆయన్ని చూసి ఆగింది.

"పొద్దున్నుంచీ ఇక్కడే ఉన్నావా?" అంది.

"లేదు, ఇప్పుడే వచ్చాను" అన్నాడు ఆయన.